ఆ తుపాకీకి తూటా ఎక్కడిది?

(ఇండోచైనా యుద్ధంలో పదాతి దళాల ఆయుధాల మీద చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ముందుగా ఒక చిన్న కూడిక చేద్దాం. 17 రైఫిళ్ళు, 14 చెకుముకి తుపాకులు, 2 పిస్తోళ్ళు, 1 తేలికపాటి మెషిన్‌గన్. మొత్తం 34. 1944 డిసెంబరు 22న, అప్పటికి ఫ్రెంచి వలసగా ఉన్న వియత్నాం ఉత్తరాన, చైనా సరిహద్దు పక్కన కావో బాంగ్ కొండల్లో, అడవిలో వరుసగా నిలబడిన మనుషులు కూడా సరిగ్గా 34 మందే. అందులో ముగ్గురు ఆడవాళ్ళు. మనిషికొక ఆయుధం చొప్పున లెక్క సరిపోయింది. వాళ్ళని నడిపించినవాడు గియాప్. ఆ మధ్యవరకూ హనోయ్‌లో పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పిన మేష్టారు. నాలుగు రోజులు తిరక్కుండానే వాళ్ళు ఫై ఖత్, నా ఙన్ అనే రెండు చిన్న ఫ్రెంచి ఠాణాల మీద పడ్డారు. ఎందుకు పడ్డారంటే, పేరు కోసం కొంత, తుపాకుల కోసం చాలా.

ఆ తర్వాత తొమ్మిదిన్నరేళ్ళకి, 1954 మే 7న, దియన్ బియన్ ఫూ లోయలో ఫ్రెంచి సైన్యం లొంగిపోయింది. ఈ కథ మీకు తెలుసు. మన తెలుగునాట హో చి మిన్ పేరు, గియాప్ పేరు తెలియని ఊరు తక్కువ. పాటల్లో విన్నాం, గోడల మీద చూశాం. నేను ఇవాళ ఆ రాజకీయ కథ జోలికి ఎక్కువ వెళ్ళను. సిపాయి చేతిలో ఉన్న వస్తువు గురించి మాట్లాడతాను. పన్నెండేళ్ళుగా ఈ యుద్ధం గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ నాకు అర్థమైందేమిటంటే, ఏ తుపాకీ కనబడినా అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇది ఎంత దూరం కాలుస్తుంది' అని కాదు. 'దీనికి తూటా ఎక్కడినుంచి వస్తుంది' అని.

కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు నేను త్రీనాట్‌త్రీ కాల్చాను. మన పోలీస్ స్టేషన్లలో దశాబ్దాలపాటు కనిపించిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలే అది. బోర్లా పడుకోబెట్టి, బట్టు భుజానికి గట్టిగా ఆనించుకోమని చెప్పి, చేతికి ఐదంటే ఐదు రౌండ్లు ఇచ్చారు. మొదటి దెబ్బకే భుజం కందిపోయింది. కానీ నాకు అంతకంటే బాగా గుర్తున్నది ఆ తర్వాత జరిగింది. కాల్చిన ఐదు ఇత్తడి ఖాళీలూ గడ్డిలో వెతికి, లెక్కపెట్టి, హవల్దారుకి అప్పజెప్పాలి. ఒకటి తక్కువైతే ఎవరినీ కదలనివ్వలేదు. ఆ రోజు అది వట్టి చాదస్తం అనిపించింది. వియత్నాం గురించి చదవడం మొదలుపెట్టాక ఆ ఖాళీ ఇత్తడి తొడుగు విలువేమిటో తెలిసింది. అక్కడికి వస్తాను.

ముందు 1945 సంగతి. ఆ ఏడాది మార్చి 9న జపాన్ వాళ్ళు ఇండోచైనాలో, అంటే ఫ్రెంచివాళ్ళు ఏలిన వియత్నాం, లావోస్, కంబోడియాల్లో, ఉన్న ఫ్రెంచి పటాలాలని ఒక్క రాత్రిలో పడగొట్టి ఆయుధాలు లాక్కున్నారు. ఆగస్టులో జపానే లొంగిపోయింది. ఒకే ఏడాదిలో ఇద్దరు యజమానులు పడిపోయారు, ఇద్దరి తుపాకులూ దేశమంతా చెల్లాచెదురయ్యాయి. వియత్‌మిన్, అంటే హో చి మిన్ నడిపిన స్వాతంత్ర్య పోరాట సంస్థ, చేతికి జపాన్ అరిసాకా రైఫిళ్ళు వచ్చాయి, నంబు మెషిన్‌గన్లు వచ్చాయి, అరచెయ్యి పొడవు గ్రెనేడుని చిన్న గొట్టంలోంచి విసిరే లాంచర్లు వచ్చాయి. అంతకు కాస్త ముందు, జులైలో, అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్‌ఎస్ పంపిన ఒక చిన్న బృందం తాన్ త్రావ్ దగ్గర పారాచూట్లతో దిగి, జపాన్ మీద పోరాడతారని వియత్‌మిన్ కుర్రాళ్ళకి కార్బైన్లు అనే తేలికపాటి పొట్టి రైఫిళ్ళు, థామ్సన్ గన్లు ఇచ్చి తర్ఫీదు కూడా ఇచ్చింది. సెప్టెంబరులో 'బంగారు వారం' అని పెట్టి జనం దగ్గర విరాళం అడిగితే ఆడవాళ్ళు గాజులు, ఉంగరాలు తీసి ఇచ్చారు. 370 కిలోల బంగారం పోగైందంటారు. జపాన్ వాళ్ళని నిరాయుధం చేస్తామని ఉత్తరాన దిగిన చైనా జాతీయవాద సైన్యం దగ్గర డబ్బిచ్చి కొన్న తుపాకులు కూడా ఉన్నాయి.

దక్షిణాన ఆ పనికి ఎవరొచ్చారో తెలుసా? మనవాళ్ళే. మేజర్ జనరల్ డగ్లస్ గ్రేసీ కింద 20వ ఇండియన్ డివిజన్ సైగాన్‌లో దిగింది. గూర్ఖాలు, పంజాబీలు, సరిహద్దు రాష్ట్రం సిపాయిలు. చేతిలో త్రీనాట్‌త్రీ, బ్రెన్‌గన్. గ్రేసీ జపాన్ చెరలోంచి విడిపించిన ఫ్రెంచి సిపాయిలకి మళ్ళీ ఆయుధాలిచ్చాడు. వాళ్ళు సెప్టెంబరు 23న సైగాన్‌లో ప్రభుత్వ భవనాలన్నీ పట్టుకున్నారు. లొంగిపోయిన జపాన్ సిపాయిల్నే తుపాకులతో కాపలా పెట్టారు. మన దేశం స్వాతంత్ర్యం ముంగిట నిలబడి ఉండగా, మన సిపాయిల్ని ఇంకొకడి వలసని తిరిగి నిలబెట్టడానికి వాడారు. నెహ్రూ గట్టిగానే నిరసన తెలిపారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసులో ఏదో కలుక్కుమంటుంది.

సరే, ఇప్పుడు ఫ్రెంచి వాళ్ళ వైపు చూద్దాం. మనం ఏమనుకుంటాం? యూరప్ దేశం, ఫ్యాక్టరీలున్న దేశం, సైన్యం చేతిలో అన్నీ ఉండి ఉంటాయని. 1946లో వాళ్ళ పరిస్థితి అది కాదు. సొంత దేశమే నాలుగేళ్ళు జర్మన్ల కింద నలిగి అప్పుడే బయటపడింది. ఇండోచైనాకి వచ్చిన దళాల్లో ఒకటి అమెరికన్ సరంజామాతో వచ్చింది, ఇంకొకటి బ్రిటిష్ వాళ్ళిచ్చిన రైఫిళ్ళూ స్టెన్‌గన్లతో. విదేశీ పటాలం, అంటే ఫారిన్ లెజియన్ వాళ్ళలో కొందరి చేతిలో జర్మన్ల దగ్గర పట్టుకున్న మౌజర్ రైఫిళ్ళున్నాయి. ఊరికాపు పనికి పెట్టుకున్న స్థానిక సహాయక దళాలకి మొదటి ప్రపంచ యుద్ధం నాటి లెబెల్, బెర్తియే రైఫిళ్ళు కట్టబెట్టారు.

తుపాకులు రకరకాలుంటే నష్టమేముంది అనుకుంటారు. అసలు తిప్పలు ఇక్కడే. ఒక సప్లై సార్జెంట్‌ని ఊహించుకోండి. వర్షాకాలం. లారీ బురదలో దిగబడుతూ కొండ మీది ఠాణాకి చేరాలి. ఆ ఠాణాలో ఫ్రెంచి రైఫిల్ ఉంది, దానికి 7.5 మిల్లీమీటర్ల లావు తూటా. లెబెల్ ఉంది, దానికి 8. జర్మన్ మౌజర్‌కి 7.92. పాత ఫ్రెంచి సబ్‌మెషిన్‌గన్‌కి, అంటే పిస్తోలు తూటాల్ని గలగలా పేల్చే చిన్న తుపాకీకి, 7.65. స్టెన్‌కి 9. థామ్సన్‌కి 11.43. అమెరికన్ గరాండ్ రైఫిల్, అమెరికన్ కార్బైన్ రెండూ కాగితం మీద 7.62 అనే ఉంటాయి, కానీ ఒకదాని తూటా ఇంకోదాంట్లో పట్టనే పట్టదు, కార్బైన్‌ది పొట్టిది. ఇంకా చోద్యం, త్రీనాట్‌త్రీ గొట్టం 7.7, జపాన్ వాళ్ళ తర్వాతి అరిసాకా కూడా 7.7. చీటీ మీద '7.7' అని మాత్రమే రాసి పంపితే ఏ పెట్టె వస్తుందో దేవుడికెరుక. త్రీనాట్‌త్రీ తూటాకి అడుగున అంచు బయటికి వచ్చి ఉంటుంది, జపాన్ తూటా ఒళ్ళే వేరు. పెట్టె మారిందంటే ఆ రాత్రి ఆ ఠాణాలో ఉన్న తుపాకీ, చేతికర్ర ఒకటే. ఈ టెన్షన్ ఫ్రెంచి సైన్యాన్ని చాలా ఏళ్ళు వదల్లేదు.

వాళ్ళ సొంత రైఫిల్ గురించి కాస్త నిదానంగా చెప్తాను. పేరు మాస్-36. సెయింట్ ఎతియెన్ ఆయుధ కర్మాగారంలో పుట్టింది, 1936లో సైన్యంలోకి వచ్చింది. అటూ ఇటూగా 3.7 కిలోలు. ఐదు తూటాలు పడతాయి. ప్రతి దెబ్బకీ బోల్టు, అంటే తూటాని గొట్టంలోకి తోసే కడ్డీ, పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకి తోసి, దించాలి. ఆ బోల్టు పిడిని ముందుకి వంచి పెట్టారు, చెయ్యి ట్రిగ్గర్‌కి దగ్గరగా ఉంటుందని. బాయ్‌నెట్ కత్తిలా ఉండదు, పొడుగాటి ఇనుప మేకులా ఉంటుంది. దాన్ని తిరగేసి, గొట్టం కింద ఉన్న ఒక బొక్కలో దాచేస్తారు. కావలసినప్పుడు బయటికి లాగి, మొన ముందుకి పెట్టి గుచ్చుతారు. పదునూ మొద్దూ అన్నీ ఆలోచించి చేసిన పనితనం. మొండి తుపాకీ, బురద తిన్నా పని చేస్తుంది. కానీ దానికి సేఫ్టీ లేదు. గొళ్ళెం లేని తలుపులాంటిది. పొరపాటున పేలకుండా ఉండాలంటే ఒకటే దారి, తూటా గదిలోకి ఎక్కించకుండా నడవాలి. శత్రువు కనిపించినప్పుడు అధికారి ఆజ్ఞ ఇస్తాడు, అప్పుడు బోల్టు ఆడించి ఎక్కిస్తారు. యూరప్ మైదానంలో శత్రువు 400 మీటర్ల దూరంలో కనబడతాడు, పర్వాలేదు. ఏనుగు గడ్డి తలకంటే ఎత్తు పెరిగిన చోట, మాటు వేసినవాడు పది అడుగుల్లోంచి లేస్తే? బోల్టు ఆడించే ఆ ఒక్క క్షణంలోనే చాలామంది బతుకులు తెల్లారి ఉంటాయి.

అందుకే ఫ్రెంచి దళం బలమంతా రైఫిల్‌లో లేదు, ఎఫ్ఎం 24/29 అనే తేలికపాటి మెషిన్‌గన్‌లో ఉంది. మన బ్రెన్‌గన్‌కి దూరపు చుట్టం అనుకోండి. మేగజైన్ పైనుంచి పెడతారు, 25 తూటాలు. ట్రిగ్గర్లు రెండు. ముందుది నొక్కితే ఒక్కొక్కటీ పేలుతుంది, వెనకది నొక్కితే గలగలా పేలుతుంది. పది పన్నెండు మంది ఉన్న చిన్న దళం మొత్తం దీని చుట్టూనే తిరిగేది. మిగతావాళ్ళు దీని తూటాలు మోసేవాళ్ళూ, దీన్ని కాపాడేవాళ్ళూ. డెల్టాలో పొలాల మధ్య కట్టిన చిన్న చిన్న బురుజుల్లో ఒక ఎఫ్ఎం, నాలుగైదు రైఫిళ్ళు, ఒక పెట్టె గ్రెనేడ్లు, పదిమంది మనుషులు. చీకటి పడితే చుట్టూ ఉన్న ఊరు ఎవరిదో తెలియదు. వియత్‌మిన్ వాళ్ళు ముళ్ళకంచె కిందనుంచి పాకి, వెదురు బొంగుల్లో పేలుడు మందు కూరి కంచె తెగ్గొట్టి లోపలికి వచ్చేవాళ్ళు. తెల్లారేసరికి ఆ ఎఫ్ఎం మెషిన్‌గన్ వాళ్ళ భుజం మీద అడవిలోకి వెళ్ళిపోయేది. దాని తూటాలు కూడా బురుజులో ఉన్నవే. మళ్ళీ ఇంకో బురుజు పడగొడితే మళ్ళీ దొరుకుతాయి. ఈ యుద్ధంలో ఫ్రెంచి 7.5 తూటాకి నమ్మకమైన సరఫరాదారు ఎవరయ్యా అంటే, రెండు పక్షాలకీ ఫ్రెంచి సైన్యమే.

1949లో ఫ్రెంచివాళ్ళు నిజంగా మంచి ఆయుధాలు రెండు తెచ్చారు. మాస్-49 అనే పది తూటాల సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటి, దెబ్బదెబ్బకీ బోల్టు లాగక్కర్లేదు. తూల్ కర్మాగారంలో చేసిన మాట్-49 సబ్‌మెషిన్‌గన్ రెండోది. ఈ రెండోదాని తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. రేకుని అచ్చుపోసి చేసింది. వెనక బట్టు తీగలాగా లోపలికి జారిపోతుంది. మేగజైన్ పెట్టే గూడు మొత్తం ముందుకి మడిచి గొట్టం కింద పడుకోబెట్టవచ్చు. విమానంలోంచి పారాచూట్‌తో దూకేవాడికి ఒంటికి అంటుకుపోయేలా ఉండాలని అలా చేశారు. పిడి వెనక ఒక సేఫ్టీ, అరచేత్తో గట్టిగా పట్టుకుంటేనే పేలుతుంది. మాస్-36లో లేని జాగ్రత్త ఇందులో ఉంది. 9 మిల్లీమీటర్ల తూటా, 32 పట్టే మేగజైన్. అడవి యుద్ధానికి సరిగ్గా అతికినట్టు సరిపోయింది. ఈ మాట్-49ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరకే వస్తాను. పారా దళాలకి ఇష్టమైన ఇంకో ఆయుధం అమెరికన్ కార్బైన్, రెండున్నర కిలోలు కూడా ఉండదు. మరోపక్క ఆ పారా దళాల్లో పేరుమోసిన బిజార్ అనే అధికారి మాత్రం ఏ ఆయుధమూ లేకుండానే యుద్ధంలోకి నడిచేవాడు.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి. ఫ్రాన్స్‌లో నిర్బంధ సైనిక సేవకి పట్టిన కుర్రాళ్ళని ఇండోచైనాకి పంపలేదు. అక్కడ పోరాడింది జీతానికి చేరిన ఫ్రెంచి సిపాయిలు, లెజియన్‌లో జర్మన్లు, మొరాకో, అల్జీరియా, సెనెగల్ వాళ్ళు, ఇంకా వేలాది మంది వియత్నామీలు. ఫ్రెంచి ఇండియా నుంచి, పాండిచ్చేరి, కారైకాల్ ప్రాంతాలనుంచి కూడా ఆ కొలువులోకి వెళ్ళినవాళ్ళున్నారు. తుపాకీ మీద ముద్ర ఫ్రాన్స్‌ది, దాన్ని పట్టుకున్న చెయ్యి ఎక్కడెక్కడిదో.

ఇక వియత్‌మిన్ వైపు. 1946 డిసెంబరు 19 రాత్రి హనోయ్‌లో యుద్ధం మొదలైంది. హో చి మిన్ పిలుపు ప్రసిద్ధమైనదే. రైఫిల్ ఉన్నవాడు రైఫిల్ పట్టండి, కత్తి ఉన్నవాడు కత్తి, కత్తి లేనివాడు పార, పలుగు, కర్ర పట్టండని. అది కవిత్వం కాదు, అక్షరాలా వాళ్ళ సరంజామా జాబితా. ఆ హనోయ్ వీధుల్లోంచి వచ్చిన ఒక ఫొటో ఉంది, చాలామంది చూసే ఉంటారు. ఒక కుర్రాడు పొడుగాటి కర్ర పట్టుకుని ఉంటాడు, కర్ర చివర గరాటులాంటి బాంబు, దానికి ముందు మూడు ఇనుప కొమ్ములు. జపాన్ వాళ్ళ పద్ధతి. దీన్ని పట్టుకుని ట్యాంకు మీదికి పరిగెత్తి, ఆ మూడు కొమ్ములూ ఇనుముకి తగిలేలా పొడవాలి. పేలితే ట్యాంకుతో పాటు మనిషీ పోతాడు. కొన్నిసార్లు పేలకపోయేది కూడా. అప్పుడు ఆ మనిషి ట్యాంకు ముందు ఒట్టి కర్రతో నిలబడి ఉంటాడు. ఆ ఫొటో ముందు నేను ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను.

ఇలా మనిషి ప్రాణంతో పేల్చే ఆయుధం నుంచి దూరంగా నిలబడి పేల్చే ఆయుధం దాకా వాళ్ళని తీసుకెళ్ళినవాడు ఒక ఇంజనీరు. అసలు పేరు ఫామ్ క్వాంగ్ లే. ఫ్రాన్స్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేస్తూ, ఏళ్ళ తరబడి ఆయుధాల శాస్త్రం సొంతంగా నేర్చుకున్నాడు. 1946లో హో చి మిన్ పారిస్ చర్చలకి వెళ్ళి తిరిగి వస్తుంటే ఆయన వెంటే ఓడెక్కి వచ్చేశాడు. హో ఆయనకి త్రాన్ దాయ్ ఙియా అని కొత్త పేరు పెట్టాడు. 1947 మార్చి మొదట్లోనే, హనోయ్ శివార్లలో, ఆయన తయారు చేయించిన బజూకా, అంటే భుజం మీద పెట్టుకుని రాకెట్ పేల్చే గొట్టం, ఫ్రెంచి ట్యాంకుల మీద పేలింది. అమెరికన్ నమూనా చూసి అడవిలో చేసిన బజూకా. తర్వాత ఎస్‌కేజెడ్ అనే వెనక్కి తన్నని తుపాకీ చేశాడు, కాంక్రీటు బురుజుల్ని చీల్చడానికి. 1948లో ఆయన్ని మేజర్ జనరల్ చేశారు.

ఆ కార్ఖానాలు ఎక్కడున్నాయంటే ఉత్తరపు కొండ ప్రాంతం వియత్ బాక్ గుహల్లో. రైలు పట్టాలు పీకి ఆ ఉక్కు వాడారు. పేలకుండా పడిపోయిన ఫ్రెంచి బాంబుల్ని కోసి లోపలి మందు తీశారు. ఆ పని చేస్తూ పోయినవాళ్ళ పేర్లు ఎక్కడా పెద్దగా కనబడవు. యుద్ధం జరిగిన చోట పడిన ఇత్తడి ఖాళీలు ఏరి తెచ్చి, మళ్ళీ మందు నింపి, మళ్ళీ గుండు బిగించారు. నా ఎన్‌సీసీ హవల్దారు వెతికించిన ఇత్తడి ఇదే. ఇలా నింపిన తూటా ఎలా ఉంటుందో ఊహించండి. ఒకటి సరిగ్గా పేలుతుంది, ఒకటి తుస్సుమంటుంది, ఒకటి గొట్టంలో ఇరుక్కుంటుంది. చేత్తో పోతపోసిన గ్రెనేడ్లూ అంతే. మొదటి ఏళ్ళలో వాళ్ళు అంత దగ్గరికి వచ్చి, అంత తక్కువసేపు కాల్చి ఎందుకు మాయమయ్యేవాళ్ళని అడిగితే, వ్యూహం అని పెద్ద మాట చెప్తాం. వ్యూహం నిజమే. కానీ మనిషికి పది ఇరవై తూటాలు ఉంటే ఆ వ్యూహం దానంతట అదే పుడుతుంది.

వాళ్ళ సైన్యం మూడు అంచెలు. పై అంచె ప్రధాన సైన్యం, మధ్యలో జిల్లా, ప్రాంతీయ దళాలు, కింద ఊళ్ళలో మిలీషియా. ఆయుధాలు పైనుంచి కిందికి దిగేవి. ప్రధాన సైన్యానికి కొత్త రైఫిల్ వస్తే, వాళ్ళ పాత అరిసాకా ప్రాంతీయ దళానికి వెళ్ళేది. ప్రాంతీయ దళం దగ్గరున్న నాటు తుపాకీ ఊరి మిలీషియాకి. ఊరివాళ్ళ దగ్గరున్న ఆయుధం వెదురు. చెక్కి మొన తేల్చిన వెదురు మేకులు గోతుల్లో పాతి పైన ఆకులు కప్పేవాళ్ళు. పెద్దన్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టు, ఒక్క కొత్త తుపాకీ పైన చేరితే కింద మూడు చోట్ల బలం పెరిగేది. ఇది నాకు చాలా గొప్ప ఏర్పాటుగా కనబడుతుంది. తుపాకీ ఒకచోట ఊరికే పడి ఉండటం అన్నదే లేదు.

మీటింగు మొదలవకముందు ఒక తమ్ముడు అడిగాడు, 'సార్, ఏకే-47 గురించి చెప్తారా' అని. ఆ తమ్ముడితో పాటు అందరికీ చెప్తున్నాను, ఈ యుద్ధంలో ఏకే-47 లేదు. మనం సినిమాల్లో చూసేది ఆ తర్వాతది, అమెరికాతో జరిగినది. ఫ్రెంచివాళ్ళని ఓడించినవాళ్ళ చేతుల్లో ఎక్కువగా ఉన్నవి ఒక్కో దెబ్బకీ బోల్టు లాగే రైఫిళ్ళు, సబ్‌మెషిన్‌గన్లు, గ్రెనేడ్లు, గుండుని ఎత్తుగా విసిరే గొట్టాలు, అంటే మోర్టార్లు.

1949 అక్టోబరులో చైనాలో కమ్యూనిస్టులు గెలిచారు. అక్కడినుంచి లెక్క మారిపోయింది. వియత్‌మిన్ 308వ డివిజన్ రెజిమెంట్లు సరిహద్దు దాటి చైనాలోకి వెళ్ళి, ఆయుధాలు తీసుకుని, తర్ఫీదై తిరిగొచ్చాయి. ఓడిపోయిన చైనా జాతీయవాద నాయకుడు చియాంగ్ కై షేక్ సైన్యం దగ్గర పట్టుకున్న మౌజర్ రకం రైఫిళ్ళు, చెక్ నమూనా తేలికపాటి మెషిన్‌గన్లు. రెండింటికీ ఒకటే 7.92 తూటా. అది చాలా పెద్ద విషయం. అమెరికా చియాంగ్‌కి ఇచ్చిన థామ్సన్లూ వచ్చాయి. తర్వాత సోవియట్ నమూనా సబ్‌మెషిన్‌గన్లు వచ్చాయి. మొదటిసారి ఒక వియత్‌మిన్ బెటాలియన్‌లో రైఫిళ్ళకీ మెషిన్‌గన్లకీ ఒకే పెట్టెలోంచి తూటాలు పంచే రోజు వచ్చింది.

1950 సెప్టెంబరు 18న సరిహద్దు రోడ్డు మీదున్న ఫ్రెంచి ఠాణా దోంగ్ ఖే పడిపోయింది. కావో బాంగ్ ఖాళీ చేసి వస్తున్న ఫ్రెంచి దళమూ, దాన్ని కలుపుకోవడానికి ఎదురెళ్ళిన దళమూ అక్టోబరు మొదటి వారంలో సున్నపురాయి కొండల మధ్య చిక్కుకుని నాశనమయ్యాయి. ఫ్రెంచివాళ్ళు పోగొట్టుకున్నవాటి లెక్క చదువుతాను: 8,000కు పైగా రైఫిళ్ళు, 1,200 సబ్‌మెషిన్‌గన్లు, 940 మెషిన్‌గన్లు, 125 మోర్టార్లు, 450 లారీలు. ఇంకొక డివిజన్‌ని నిలబెట్టడానికి సరిపడా. తర్వాత భయంతో సరిహద్దు పట్నం లాంగ్ సాన్ కూడా వదిలేసి వెళ్తే, అక్కడ వెయ్యి టన్నులకు పైగా సామాను ధ్వంసం చెయ్యకుండానే మిగిలిపోయింది. కావో బాంగ్ అంటే మన 34 మంది నిలబడిన కొండలే. ఆరేళ్ళయింది.

అదే కాలంలో ఫ్రెంచి వైపు అమెరికా సాయం వరదలా వచ్చింది. 1954 నాటికి ఈ యుద్ధం ఖర్చులో దాదాపు 80 శాతం అమెరికాదే. ఇద్దరికీ ఇప్పుడు వెనక ఒక పెద్ద దేశం. అమెరికా పంపిన 81, 60 మిల్లీమీటర్ల మోర్టార్లు నిజానికి ఫ్రెంచి బ్రాంట్ కంపెనీ నమూనాలే, సముద్రాలు దాటి తిరిగి పుట్టింటికి చేరాయి. మోర్టార్ల దగ్గర ఇంకో చిన్న మర్మం ఉంది. వియత్‌మిన్‌కి చైనా ఇచ్చిన మోర్టారు గొట్టం 82 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ. అందువల్ల ఫ్రెంచివాళ్ళ 81 గుండు దొరికితే దీంట్లో వేసి కాల్చుకోవచ్చు. చైనా 82 గుండు ఫ్రెంచివాళ్ళకి దొరికినా వాళ్ళ గొట్టంలో దిగదు. ఒకవైపే తెరుచుకునే తలుపు అది.

దియన్ బియన్ ఫూ గురించి ఫిరంగుల కథ అందరూ చెప్తారు. నేను పదాతి సిపాయి వైపునుంచి రెండు మాటలే చెప్తాను. 1954 మార్చి 13 నుంచి మే 7 వరకు, 56 రోజులు. లోయలో ఫ్రెంచివాళ్ళకి తిండి, తూటా, రక్తం సీసా అన్నీ ఆకాశంలోంచి దిగాలి. విమానాల దారిలో వియత్‌మిన్ 37 మిల్లీమీటర్ల గన్లు పెట్టింది. విమానం ఎత్తు పెంచింది, పారాచూట్లు గాలికి కొట్టుకుపోయి అవతలి కందకాల్లో పడ్డాయి. ఫ్రెంచి స్థావరం కుంచించుకుపోయేకొద్దీ ఇంకా ఎక్కువ పడ్డాయి. ఫ్రాన్స్ పంపిన గుండ్లు ఆ సాయంత్రమే ఫ్రెంచివాళ్ళ మీద పేలాయి.

అవతలి పక్షానికి తూటా నేల మీద వచ్చింది. 2,60,000 మందికి పైగా మోతగాళ్ళు, 20,000కు పైగా సైకిళ్ళు. సైకిల్ తొక్కలేదెవరూ. హ్యాండిల్‌కి అడ్డంగా ఒక పొడుగు కర్ర కట్టి, సీటు దగ్గర నిలువుగా ఇంకో వెదురు కర్ర కట్టి, ఒక చెయ్యి దాని మీదా, ఒక చెయ్యి దీని మీదా పెట్టి పక్కన నడుస్తూ తోసేవాళ్ళు. 200 కిలోల పైన బరువు. కొండ దిగేటప్పుడు వెనకనుంచి ఇంకొకరు తాడుతో పట్టుకుని ఆపాలి, లేకపోతే సైకిలే మనిషిని లాక్కుని లోయలోకి పోతుంది. వీళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. ఇక ముందు వరుసలో ఉన్న సిపాయి 56 రోజుల్లో ఎక్కువసేపు పట్టుకున్నది తుపాకీ కాదు, పార. రోజుకి కొంత కొంత కందకం తవ్వుకుంటూ ముళ్ళకంచె దాకా వచ్చారు. ఏ-1 అనే గుట్ట కింద సొరంగం తవ్వి, సుమారు టన్ను పేలుడు మందు పెట్టి మే 6 రాత్రి పేల్చారు. ఆ గొయ్యి ఇప్పటికీ ఉంది. ఆ గుట్ట మీద బురదలో జరిగిన పోరులో రెండు పక్షాల సిపాయిలూ వాడినవి గ్రెనేడ్లు, సబ్‌మెషిన్‌గన్లు. చనిపోయినవాడి చేతిలోంచి తీసుకున్నది ఎవరిదైనా సరే, మేగజైన్‌లో తూటాలుంటే అది తనదే.

ఆ లోయ పడిన నెల తర్వాత, 1954 జూన్‌లో, మన యానాంలో ఫ్రెంచి జెండా దిగింది. జులైలో యుద్ధాన్ని ఆపిన జెనీవా ఒప్పందం. దాని అమలు చూడటానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కి అధ్యక్ష దేశం మనదే. తొమ్మిదేళ్ళ కింద వేరే దొర జెండా కింద త్రీనాట్‌త్రీ పట్టుకుని వెళ్ళిన మన సైన్యం ఈసారి ఫైళ్ళూ బైనాక్యులర్లూ పట్టుకుని వెళ్ళింది.

ఇక మాట్-49 దగ్గరికి వస్తాను. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ దగ్గర పట్టుకున్న మాట్-49లు ఉత్తర వియత్నాం చేతిలో మిగిలాయి. మంచి ఆయుధం, పారేయడానికి మనసొప్పదు. కానీ 9 మిల్లీమీటర్ల తూటా ఇక ఎవరు పంపుతారు? ఫ్రాన్స్ పంపదు. చైనా నుంచి, సోవియట్ నుంచి వచ్చేది 7.62 టోకరెవ్ పిస్తోలు తూటా. అందుకని వియత్నాం కార్ఖానాల్లో దాని గొట్టం విప్పేసి, కొత్తది, ఇంకాస్త పొడుగుది బిగించారు. మేగజైన్ మార్చారు. పదేళ్ళ తర్వాత అమెరికన్ సిపాయిలు అడవిలో పట్టుకున్న ఆయుధాల్లో ఈ రకానివి దొరికాయి. రేకు మీద తూల్ కర్మాగారం ముద్ర అలాగే ఉంది. గొట్టం మాత్రం కొత్తది.